ఏకసంథా, ఏకసంతా, ఏకసంధా?

గోదారి పిన్ని: నిన్న మా అక్క కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, కామిక్స్ పుస్తకం పట్టుకొచ్చి "పిన్నీ నిజంగా పవర్స్ ఉన్నవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా" అనడిగాడు. ఎందుకు లేరురా, వందమంది తలా ఒకటి అడిగితే వందకీ పద్యాలు కట్టి, చివర్లో కాగితం ముక్క లేకుండా అన్నీ అప్పజెప్పే శతావధానులు మనవాళ్ళే, తిరుపతి వేంకట కవులని జంటకవులు, ఒక్కసారి వింటే పట్టేసే ఏకసంథాగ్రాహులు అని చెప్పా. అదే ఫ్యామిలీ గ్రూపులో టైప్ చేస్తే మావయ్య "థ కాదమ్మా, త" అన్నారు, అన్నయ్య "ధ" అన్నాడు. మా తాతగారు "ఏకసంథ వాడికి..." అని ఏదో అనేవారు, రెండో సగం రాత్రంతా గుర్తుచేసుకున్నా రాలేదు. ఎవరైనా విన్నారా? పనిలో పని ఆ అక్షరం కూడా తేల్చండి.

సంధి మాస్టారు: థ. తేలిపోయింది. సంథా ఆకారాంతం, కథా మనకి కథ అయినట్టే సంథ అయింది, సమాసంలో దీర్ఘం నిలబడింది. మీ మావయ్యగారి సంత తెలుగు మాట అయ్యేట్టయితే ముందు ఏక, వెనక గ్రాహి తగిలించి, తెలుగునీ సంస్కృతాన్నీ కలిపి వైరి సమాసం చేసినట్టు.

ఓరుగల్లు పోరడు: ఏకసంతగ్రాహి అంటే ఒక్క సంతల్నే అన్నీ కొనేసేటోడు 😀

కావేరి గట్టు: నవ్వకండి, వేదం చెప్పుకున్నవాళ్ళ నోట సంత అనే వింటాం. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి, అదే సంత, తర్వాత వల్లె వేసుకోవడం ఎటూ ఉంది. తమిళంలోనూ ఇదే మాట ఉంది, వాళ్ళకి త థ ద ధ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి ఈ తలనొప్పే లేదు.

సంధి మాస్టారు: మరాఠీ వాళ్ళు పాఠాన్ని సంథా అనే రాస్తారు. నోటికి ఒత్తు జారిపోవడం వేరు, మాట వేరు.

డల్లాస్ బాబాయ్: నాది ధ పార్టీ. సం + ధా. సంధి, సంధానం అన్నీ అక్కడివే. ఇంకోటి చూడండి, అవధానం కూడా అవ + ధా నే! ఏకసంధాగ్రాహి, అవధాని ఒకే ధాతువు పిల్లలు. ధారణలో కూడా అదే ధా ఉంది, ఇంతకంటే ఏం కావాలి.

సంధి మాస్టారు: ధారణ ధృ ధాతువు నుంచి వచ్చిందండీ, ధా నుంచి కాదు.

డల్లాస్ బాబాయ్: సరే అది వెనక్కి తీసుకుంటున్నా, అవధానం మాత్రం ఇవ్వను.

పంతులమ్మ: నాకు సంస్థా నుంచి వచ్చిందేమో అని ఎప్పట్నుంచో అనుమానం. కాకపోతే ప్రాకృతంలో ఆ స్థ ఠ అవుతుంది, సంస్థానం సంఠాణం అయినట్టు, అక్కడే నా థియరీ కుంటుతోంది. అది అలా ఉంచి అసలు ప్రశ్నలోనే చిన్న తప్పుంది. ఏకసంథాగ్రాహి అంటే ఎదుటివాడు ఒక్కసారి చెప్పింది పట్టేసేవాడు, భోజుడి కొలువులో కొత్త పద్యాన్ని పాతదే అని అప్పజెప్పేసే పెద్దమనిషిలాగా. అవధాని ధారణ అది కాదు, తను కట్టిందే గుర్తుపెట్టుకోవాలి, అదీ పూర్తిగా కట్టనిది! మొదటి ఆవృత్తిలో అందరికీ ఒక్కో పాదం చెప్పి వదిలేసి, అందరిదీ అయ్యాక రెండో పాదానికి రావాలి. శతావధానంలో అయితే నాలుగు వందల పాదాలు గాల్లో వేలాడుతుంటాయి. విన్నది పట్టుకోవడం కావాలంటే వ్యస్తాక్షరి చూడండి, ఎక్కడి అక్షరమో అక్కడక్కడ విసిరేస్తారు, ఏడోది "ర", పంతొమ్మిదోది "మ్మ" అని, చివరికి మొత్తం సర్ది చదవాలి.

గుంటూరు చిన్నోడు: నేను ఒకసారి దత్తపదికి, అదే ఇచ్చిన మాటలతో పద్యం కట్టమనడానికి, పృచ్ఛకుడిగా అంటే అడిగేవాడిగా కూర్చున్నానండి, నాలుగు మాటలు ఇచ్చి, మధ్యమధ్యలో సంబంధం లేని ప్రశ్నలేసే పక్కాయన అప్రస్తుత ప్రసంగానికి పగలబడి నవ్వుతూ కూర్చున్నా, రెండు గంటల తర్వాత అవధానిగారు నా వైపు తిరిగి "మూడో పాదం" అని మొదలెడితే నేనిచ్చిన మాటల్లో రెండు నాకే గుర్తులేవు. ఆయన ఈలోపు గంట ఎన్నిసార్లు కొట్టారో కూడా లెక్కపెడుతున్నాడు!

ఓరుగల్లు పోరడు: గంట లెక్కంటే యాదికొచ్చింది, శకుంతలాదేవి 1980ల లండన్ల పదమూడంకెల సంఖ్యలు రెండిచ్చి గుణించమంటే 28 సెకన్లల్నే చెప్పింది. ఆమెది ఏ సంథ మరి?

కావేరి గట్టు: లెక్కలు వేరే గ్రూపులో పెట్టు నాయనా. తిరుపతి వేంకట కవుల పేరొచ్చాక ఇంకో మాటా? ఆ జంటలో చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు, ఏనుఁగు నెక్కినాము అని అన్న మనిషి. తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా ఇద్దరి పేరూ పెట్టే రాశారు, అది నాకు శతావధానం కంటే పెద్దగా అనిపిస్తుంది.

గుంటూరు చిన్నోడు: వాళ్ళతో పోటీపడ్డ మా కొప్పరపు సోదరుల పేరు ఎత్తరేం? ఆశువులో, అప్పటికప్పుడు పద్యం చెప్పడంలో, వాళ్ళ ముందు ఎవరండీ?

పంతులమ్మ: మొదలైంది 🙏 వందేళ్ళ కిందటి గొడవ, గుంటూరులో ఇంకా తెగలేదు.

డల్లాస్ బాబాయ్: తిరుపతి వేంకట కవుల మీసాల పద్యం గుర్తుంది కదా, "దోసమటంచెఱింగియును దుందుడుకొప్పగఁ బెంచినార మీ / మీసము". నేను చిన్నప్పట్నుంచి అది "మీ మీసము" అనుకున్నా, అంటే ఎదుటి కవుల మీసం వీళ్ళు పెంచడమేంటా అని!

సంధి మాస్టారు: పెంచినారము + ఈ, పెంచినారమీ. మూడో పాదం చివర "గెల్చిరేని యీ" అని మళ్ళీ వస్తుంది, అక్కడ యీ అయితే ఇక్కడా ఈ నే.

కావేరి గట్టు: సభలో చదివేటప్పుడు మాత్రం "మీ" అనే వినపడాలని అలా విరిచారేమో, వాళ్ళని తక్కువ అంచనా వెయ్యకండి.

సంధి మాస్టారు: అది మీ సరదా. వ్యాకరణం కాదు.

గోదారి పిన్ని: మావయ్యకి స్క్రీన్‌షాట్లు పంపా, "చూశావా, వేదం చెప్పుకున్నవాళ్ళు త అన్నారు" అని ఆ ఒక్క కామెంటే తిప్పి పంపారు. పిల్లాడేమో ఏనుగెక్కిన ఫోటో ఉందా అంటున్నాడు. తాతగారి రెండో సగం ఎవరికీ తెలీదా?

ఓరుగల్లు పోరడు: "ఏకసంథ వాడికి" దాంక ఐతే మాకు మంచిగ యాదికున్నది అక్కా.