పల్లెటూరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ చూసొచ్చాం. మేనకోడల్ని బి.ఏ. హిస్టరీలో చేర్చొచ్చా?

వంగర మావ:
మా అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఇంజినీరింగ్ చేయిద్దాం అని అందరూ అనుకుంటుంటే, తను హిస్టరీ చదువుతానంటోంది. ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ ఎలా ఉందో చూద్దామని మా దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి తీసుకెళ్లాను. పేరు రాయను, మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి పొలాల పక్కనుంచి లోపలికి నడవాలి.

బిల్డింగు ఫర్వాలేదు. లైబ్రరీ తాళం వేసి ఉంది. అటెండరు గుత్తి పట్టుకొచ్చి ఒక్కో తాళంచెవీ పెట్టి చూసి తీశాడు. తెలుగు అకాడమీ పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే వెనక అట్ట లోపల అతికించిన చీటీ మీద ఆఖరి తేదీ ముద్ర ఏనాటిదో. హిస్టరీ సార్ మాత్రం నాకు నచ్చారు. నాతో రెండు ముక్కలు మాట్లాడి పిల్ల వైపు తిరిగిపోయారు. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అని అడిగారు. దీనికి తెలీలేదు. అయితే కనుక్కుని రా అన్నారు. ముఖలింగం వెళ్లావా, కళింగ గాంగుల రాజధాని కళింగనగరం అదేనంటారు, అక్కడి శాసనాలు చూద్దువుగాని అన్నారు. దారి పొడుగునా పిల్ల అదే మాట్లాడింది.

నాకైతే చేర్చాలనే ఉంది. మీరేమంటారు?

కాంప్లెక్స్ కాడ:
మావా, అంతా బాగుంది గానీ ఆఖరి బస్సు ఎన్నింటికి?

కోడ్ బొబ్బిలి:
ఎంపీసీ మార్కులు పెట్టుకుని బి.ఏ.నా? లైబ్రరీ చీటీయే చెప్పేసింది కదా సార్. ఏళ్ల తరబడి పుస్తకం కదల్లేదంటే అక్కడ చదివేవాళ్లు లేరన్నమాటే. మీరే రాసి, మళ్లీ మీరే చేర్చొచ్చా అని అడుగుతున్నారు.

పెన్షన్ మాస్టారు:
డిగ్రీ కాలేజీల్లోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నాను. ఆ చీటీకి అంత విలువ ఇవ్వకండి. రాష్ట్రంలో డిగ్రీని 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియం చేశారు. బీరువాల్లో ఉన్నవేమో తెలుగు పుస్తకాలు. పరీక్ష ఒక భాషలో, పుస్తకం ఇంకో భాషలో ఉంటే ఎవరు తీసుకెళ్తారు? పిల్లలు సెల్‌ఫోన్లో నోట్సు చదువుకుంటున్నారు. తప్పు పిల్లలదీ కాదు, కాలేజీదీ కాదు.

ఇక హిస్టరీ గురించి. మా రోజుల్లో హెచ్ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవారు. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చాక ఒకటే మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, పక్కన మైనర్. చిన్న కాలేజీలో రెండో మూడో మేజర్లు నడుస్తాయి. చేరేవాళ్లు తగ్గితే ఆ కోర్సు ఎత్తేస్తారు. అందుకని హిస్టరీ సార్ ఎంత మంచివారని కాదు, కిందటేడు ఆ మేజర్లో ఎంతమంది చేరారని అడగాలి. అడిగారా?

వంగర మావ:
అడగలేదు మాస్టారూ. ఆయన పిల్లతో మాట్లాడుతున్న తీరు చూస్తే నాకది తట్టలేదు.

కాంప్లెక్స్ కాడ:
బస్సు?

జీడిపప్పు పలాస:
ఆడపిల్లలకి బస్సు ఉచితమే కదా అన్నా, 2025 ఆగస్టు 15 నుంచి.

కాంప్లెక్స్ కాడ:
ఉచితమేలే తమ్ముడూ. ఎక్కడానికి బస్సుండాల గదా. పల్లెవెలుగు రోజుకెన్నిసార్లు ఆ రోడ్డున తిరుగుతుందో కనుక్కోమంటున్నాను. సాయంత్రం ఒకటే బస్సుంటే క్లాసు అయిందో లేదో చూడరు, పరిగెట్టి ఎక్కేస్తారు. మా చెల్లి అలాగే ఆఖరి పీరియడ్ ఎప్పుడూ వినకుండా డిగ్రీ చేసీసింది. ఆఖరి పీరియడ్ ఎకనామిక్స్. అదే పోయింది.

కోడ్ బొబ్బిలి:
బస్సు గొడవ పక్కన పెట్టండి. హిస్టరీ, సాహిత్యం లాంటి లిబరల్ ఆర్ట్స్ చదవాలనుంటే దానికో పద్ధతుంది. మా అన్నయ్యగారమ్మాయి కోసం అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కెన్యన్ కాలేజీకి వెళ్లాం. గాంబియర్ అని చిన్న ఊరు, చుట్టూ పొలాలే. 1824లో పెట్టిన కాలేజీ. ఒక సీనియర్ విద్యార్థి దగ్గరుండి మొత్తం తిప్పి చూపించాడు. పిల్లని క్లాసులో కూర్చోబెట్టారు, మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. అలాంటి చోట్ల కావాలంటే ఒక రాత్రి హాస్టల్లో ఉండి చూడొచ్చు కూడా. కాలేజీ చూడ్డమంటే అదీ. మీరు సెలవుల్లో వెళ్లి ఖాళీ బెంచీలూ, ఒక సార్నీ చూసి వచ్చారు.

పెన్షన్ మాస్టారు:
ఆ కెన్యన్‌లో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి ఎంతో కూడా రాయండి బాబూ.

కోడ్ బొబ్బిలి:
అర కోటి దాటుతుంది. స్కాలర్‌షిప్పులుంటాయి. మన రాష్ట్రంలో శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది, అదీ లక్షల్లోనే. నేను డబ్బు గురించి అనలేదు, పద్ధతి గురించి అన్నాను.

పెన్షన్ మాస్టారు:
అర కోటి పెడితే పద్ధతి అదే వస్తుంది. గురజాడ అప్పారావుగారు విజయనగరం మహారాజా కాలేజీలో బి.ఏ. చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. ఏ అమెరికా వెళ్లారు?

కోడ్ బొబ్బిలి:
వెనక మహారాజు ఉన్న కాలేజీ అది. ఈయన చూసొచ్చిన కాలేజీ వెనక ఎవరున్నారు? చీటీ మీద తేదీ కొట్టే మనిషే లేడు.

నాగావళి గట్టు:
చీటీ, బస్సు, గురజాడ అన్నీ అయ్యాయి. నాదొక ప్రశ్న. ఈ అమ్మాయికి అన్నదమ్ములున్నారా? ఉంటే ఏం చదువుతున్నారు?

వంగర మావ:
అన్నయ్య ఉన్నాడండి. చదువుకుంటున్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

పెన్షన్ మాస్టారు:
వంగర మావ గారూ, ఉద్యోగం సంగతి కూడా చూసుకోండి. డిగ్రీతో గ్రూప్-2 రాయొచ్చు. సోషల్ స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ మీద బి.ఎడ్., టెట్, డీఎస్సీ. 2025 డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. రోజూ వెయ్యరు, అదీ నిజమే. మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. ఆ హిస్టరీ సార్ అడిగిన చెరువు ప్రశ్ననే ఆ పిల్ల ప్రాజెక్టుగా చేసుకోవచ్చు. అలాంటి మేష్టారు దొరకడం మాటలు కాదు.

నాగావళి గట్టు:
మాస్టారూ, మీరు మధ్యలో పడి సంగతి మార్చకండి. వంగర మావ గారూ, అన్నయ్య ఎక్కడ చదువుతున్నాడు?

వంగర మావ:
విశాఖలో. ఇంజినీరింగ్.

నాగావళి గట్టు:
ర్యాంకు మీద వచ్చిన సీటా, మేనేజ్‌మెంట్ సీటా?

వంగర మావ:
మేనేజ్‌మెంట్. మీరు పోలీసులా అడుగుతున్నారేంటండి?

నాగావళి గట్టు:
అడగాలి కాబట్టి. నేనూ శ్రీకాకుళం జిల్లా పిల్లనే. మా నాన్న అరెకరం అమ్మి తమ్ముణ్ణి వైజాగ్ పంపారు. నాకేమో ఇంటికి దగ్గర్లో బి.ఏ. "మా అమ్మాయికి తెలుగు అంటే ఇష్టం" అని ఊరంతా చెప్పేవారు. ఇష్టమే. కాదనను. కానీ నాకు లెక్కలూ ఇష్టమే. వాటి పేరెత్తితే అమ్మ ముఖం ఎలా అయిపోతుందో తెలుసు కాబట్టి ఎత్తలేదు. మీ మేనకోడలు నిజంగా హిస్టరీ అడిగిందా, లేక ఏది అడిగితే ఇంట్లో గొడవ రాదో అదే అడిగిందా?

జీడిపప్పు పలాస:
అప్పా 🙏

కోడ్ బొబ్బిలి:
అదీ మాట. పైగా మేనమామకి ఎందుకంత శ్రద్ధ? మేనకోడలు దూరం పోకుండా ఉంటే ఎవరికి లాభమో మన వైపు అందరికీ తెలుసు.

వంగర మావ:
నోరు అదుపులో పెట్టుకో. నాకు పెళ్లయింది, పిల్లలున్నారు. దాన్ని ఎత్తుకుని పెంచాను. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని మా ఇంటి గురించి వాగకు.

అడ్మిన్:
కోడ్ బొబ్బిలి గారూ, ఆ వాక్యం తీసేయండి. ఇలాంటిది ఇంకొకటి రాస్తే చర్చకి తాళం వేస్తాం.

కోడ్ బొబ్బిలి:
తీయను. కావాలంటే మీరే తీసేయండి.

వంగర మావ:
నాగావళి గట్టు గారూ, మీరు అడిగిందానికి సమాధానం చెప్తాను. అవును, డబ్బుల్లేవు. మేనల్లుడి సీటు మీదే అప్పయింది. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు, ఫీజు కట్టడం ఆలస్యమైతే కాలేజీవాళ్లు హాల్‌టికెట్ ఆపేస్తామని ఫోన్లు. ఇంకోసారి ఆ నరకం మా అక్క తట్టుకోలేదు. కానీ పిల్ల హిస్టరీ అడగడం అబద్ధం కాదు. ఎనిమిదో తరగతిలోనే బొబ్బిలి యుద్ధం 1757లో అని నాకు చెప్పి, ఆ కోటలో ఏం జరిగిందో మా ఇంట్లో చీపురుతో చేసి చూపించింది. డబ్బు లేకపోవడం, దానికి హిస్టరీ ఇష్టం కావడం, రెండూ ఒకేసారి నిజం కాకూడదా?

నాగావళి గట్టు:
కావచ్చు. నేను నమ్ముతాను. అయితే హిస్టరీయే చదివించండి, ఈ కాలేజీలోనే ఎందుకు? మహారాజా కాలేజీ విజయనగరంలో ఉంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ మహిళా కాలేజీ ఉంది. మీరు చూసినదానికన్నా లైబ్రరీ పెద్దది, తోటి పిల్లలు ఎక్కువమంది. అక్కడ ఏ మేజర్లు ఉన్నాయో ఆప్షన్ల పేజీలోనే కనిపిస్తుంది. హాస్టలుకి దరఖాస్తు పెట్టుకుంటే ఇంజినీరింగ్ ఫీజులో పదో వంతు కూడా అవదు. కోడ్ బొబ్బిలి గారు చెప్పిన ఒహాయోలోనే ఓబర్లిన్ అని ఇంకో కాలేజీ ఉంది, 1837లోనే ఆడపిల్లల్ని డిగ్రీకి చేర్చుకుంది. వాళ్లు ఇళ్లు వదిలి అక్కడ ఉండే చదివారు. మనం ఇప్పటికీ ఆఖరి బస్సు లెక్క వేస్తున్నాం.

కాంప్లెక్స్ కాడ:
బస్సు లెక్క వెయ్యకపోతే పిల్ల రోడ్డు మీద నిల్చుంటాది మేడమ్.

పెన్షన్ మాస్టారు:
ఇదే నాకు బాధ. మంచి పిల్లలందర్నీ టౌనుకి పంపేస్తే పల్లె కాలేజీలో ఎవరు చేరతారు? చేరేవాళ్లు లేరని కోర్సు ఎత్తేస్తారు. ఆ తర్వాత టౌనుకి వెళ్లలేని పిల్లకి ఏదీ మిగలదు. నేను పనిచేసిన చోట కళ్లముందే ఇలా రెండు కోర్సులు పోయాయి. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించండని బతిమాలాం. "మంచి కాలేజీ మాస్టారూ" అనేవారు, వాళ్ల పిల్లల్ని మాత్రం పంపేవారు కాదు.

కోడ్ బొబ్బిలి:
మీ పిల్లలు ఎక్కడ చదివారు మాస్టారూ?

పెన్షన్ మాస్టారు:
అబ్బాయి ఆంధ్రా యూనివర్సిటీలో. వాడి సంగతి వేరు, వాడికి సీటొచ్చింది.

కోడ్ బొబ్బిలి:
😀

నాగావళి గట్టు:
వంగర మావ గారూ, హాస్టలు గురించి చెప్పలేదు.

వంగర మావ:
హాస్టలుకి బావ ఒప్పుకోడు.

నాగావళి గట్టు:
డబ్బు కోసమా?

వంగర మావ:
కాదు. హాస్టలు ఉచితమన్నా ఒప్పుకోడు. ఆడపిల్ల రాత్రి ఇంట్లో ఉండాలంటాడు. మేనల్లుడు ఇంటర్ నుంచీ హాస్టలే.

నాగావళి గట్టు:
ఈ ముక్క మొదటి పోస్టులోనే రాసుంటే చీటీ గురించి ఇంత గొడవ ఉండేది కాదు.

వంగర మావ:
రాస్తే బావని తిడతారు, ఇంకేం ఉపయోగం? అయినా మాస్టారు చెప్పినట్టు ఈ కాలేజీలో ఎంతమంది చేరారో ఫోన్ చేసి కనుక్కుంటాను. పిల్లని విజయనగరం కూడా తీసుకెళ్తాను, క్లాసులు జరిగే రోజు చూసి. బావకి చెప్పి తీసుకెళ్లాలా, చెప్పకుండానా అన్నది తేలడం లేదు.

నాగావళి గట్టు:
చెప్పకండి. ముందు అమ్మాయిని చూడనివ్వండి.

పెన్షన్ మాస్టారు:
చెప్పే వెళ్లండి. వీలైతే ఆయన్నీ తీసుకెళ్లండి. మొన్న ఆ చెరువు ప్రశ్న ఆయన ముందు అడిగుంటే బాగుండేది.

కాంప్లెక్స్ కాడ:
విజయనగరానికి పొద్దున్నే బయల్దేరండి మావా. ఎండెక్కాక బస్సులో నిలబడ్డానికి కూడా చోటుండదు.