చైనా పిల్లలు ఇంగ్లీషు మాటల్ని ‘బెయ్’ చేస్తారు. దీన్ని తెలుగులో ఏమందాం?

ఖమ్మం డాక్టరు:
సభ్యులందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. సాయం చేయండి.

నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలో, వూహాన్‌లో. చివరి ఏడాది హాస్టల్ వదిలేసి బయట గది అద్దెకు తీసుకున్నా. ఇంటావిడ కూతురు అప్పుడు గావోకావోకి చదువుతోంది. గావోకావో అంటే ఏటా జూన్ 7న మొదలయ్యే కాలేజీ ప్రవేశ పరీక్ష. మన ఇంటర్‌ టెన్షనూ ఎంసెట్‌ టెన్షనూ ఒకేసారి నెత్తిన పడ్డట్టు ఉంటుంది. 2024లో దానికి పేరు ఇచ్చుకున్నవాళ్ళు కోటీ 34 లక్షల మంది. 750 మార్కుల్లో విదేశీ భాషకు 150. దాదాపు అందరూ తీసుకునేది ఇంగ్లీషే. లెక్కలకూ 150, వాళ్ళ సొంత చైనీసుకూ 150.

ఆ రోజుల గురించి చిన్న వ్యాసం రాస్తున్నా. అందులో ఒక దృశ్యం ఇది. పొద్దున ఆరు కూడా కాదు. వాళ్ళమ్మ నూడుల్స్‌లో నువ్వుల ముద్ద కలుపుతూ ఉంటుంది. ఈ పిల్ల మాటల పుస్తకం ఆవిడకు ఇచ్చి, వెనక్కి తిరిగి, గుమ్మం వైపు మొహం పెట్టి నిలబడుతుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. చైనీసులో ఉన్న అర్థం మీద వేలు పెట్టి పైకి చదువుతుంది. ఈ పిల్ల ఆ ఇంగ్లీషు మాట చెప్పి, అక్షరం అక్షరం విడగొట్టి వల్లిస్తుంది. తల్లి వేలు ఒక్కో అక్షరం మీదుగా జరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా ఆగితే తప్పు పోయిందన్నమాట.

దీన్ని వాళ్ళు ‘బెయ్ దాన్‌త్స’ అంటారు. ‘దాన్‌త్స’ అంటే మాట. చిక్కంతా ‘బెయ్’ తోనే. (హైదరాబాదు మిత్రులు నవ్వకండి, అది మన ‘క్యా బే’ కాదు.) నేను ‘బట్టీ పట్టేది’ అని రాశా. మా ఆవిడ చదివి, ‘పాపం, ఆ పిల్లని ఎందుకు తిడుతున్నారు?’ అంది. నేను తిట్టలేదు. కానీ చదివితే తిట్టినట్టే ఉంది. ఏం చేయను?

పలక బలపం:
‘బైహార్ట్ చేసేది’ అని రాసేయండి డాక్టర్ గారూ. ఇళ్ళలో అందరం అనేది అదే.

తెనాలి టీచరమ్మ:
అనేది అదేనండీ, కాదనను. నేనూ క్లాసులో రోజుకు పదిసార్లు అంటాను. కానీ ఇంగ్లీషు నేర్చుకోవడానికి తంటాలు పడుతున్న చైనా పిల్ల గురించి రాస్తూ ఇంగ్లీషు మాటే తెచ్చి పెడితే, ఆ తంటా కాస్తా ఎగిరిపోతుంది. ‘కంఠస్థం చేసేది’ అంటే?

ఖమ్మం డాక్టరు:
కంఠస్థం అనగానే నాకు శ్లోకం వినిపిస్తుందండీ. ఇక్కడున్నది ‘అబాండన్’, ‘అబిలిటీ’, ‘అబ్రాడ్’. చెబితే నమ్మరు, ఆ మాటల పుస్తకాలు అకారాదిగా ఉంటాయి కాబట్టి చాలావాటిలో ముందు ఎదురయ్యే పెద్ద మాట ‘అబాండన్’. అంటే వదిలేయడం. పుస్తకం తెరిచాం, ‘వదిలేయ్’ అంది, వదిలేశాం అని పిల్లలు జోకు వేసుకుంటారు. వదిలేస్తే కుదరదు. పరీక్షకు రావాల్సిన మాటల జాబితాకు ‘3500 మాటలు’ అని అక్కడ పాత పేరు, ఆ అంకె వేసిన పుస్తకాలు ఇప్పటికీ అమ్ముతారు. 2017 పాఠ్య ప్రణాళికలో జాబితా 3000.

పాత సైకిలు:
బట్టీ అంటే ఇటుక బట్టీ నుంచే వచ్చి ఉంటుంది. పిల్లల్ని కాల్చి తీసేది కదా!

మాస్టారు:
సైకిలు బాబూ, సరదాకి అంటే సరే. శబ్దం ఒకటైనంత మాత్రాన వ్యుత్పత్తి కట్టకూడదు. మా తాతగారి తరంలో ‘ముక్కున పట్టాడు’ అనేవారు. పాఠం అర్థం కాకపోయినా ముక్కున పట్టుకొచ్చి గడగడా ఒప్పజెప్పేవాడి గురించి. ఆ మాటలోనూ కాస్త వెటకారం ఉంది.

డాక్టరు గారూ, ముందు మీరొకటి చెప్పండి. ఆ ‘బెయ్’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి? వాళ్ళ లిపిలో ఆ గుర్తు దేన్ని చూపిస్తుంది?

ఖమ్మం డాక్టరు:
అడిగారు కదా, ఇక నన్ను ఆపకండి. ఆ అక్షరానికి అసలు అర్థం వీపు.

అవునండీ, వీపే. అదే అక్షరాన్ని స్వరం మార్చి, సాగదీసి ‘బేయ్’ అని పలికితే వీపున మోయడం. పిల్లలు పుస్తకాల సంచీ ‘బేయ్’ చేసుకుని బడికి వెళతారు, అక్కడ పుస్తకాన్ని ‘బెయ్’ చేస్తారు. రాయడం రెండూ ఒకేలా రాస్తారు. వీపు నుంచి వల్లించడం ఎలా వచ్చిందంటే, పుస్తకానికి వీపు పెట్టి చెప్పడం నుంచి. చూడకుండా చెబుతున్నానని రుజువు అన్నమాట.

దీనికి పాత కథ ఒకటుంది. మూడో శతాబ్దంలో చెన్ షౌ రాసిన మూడు రాజ్యాల చరిత్రలో వాంగ్ త్సాన్ అనే కవి ప్రస్తావన వస్తుంది. 217లో పోయాడాయన. స్నేహితులతో నడుస్తూ దారి పక్కన ఒక శాసనం చదివాడట. ‘ఇది చూడకుండా చెప్పగలవా?’ అన్నారు వాళ్ళు. చెప్పగలనన్నాడు. అటు తిరిగి చెప్పమన్నారు. ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. ఆ ‘అటు తిరిగి’ అన్నచోట ఉన్నది ఈ అక్షరమే.

మా ఇంటావిడ కూతురు గుమ్మం వైపు తిరిగి నిలబడేది అని ఇందాక రాశాను చూడండి. ఆ పిల్లకు వాంగ్ త్సాన్ గుర్తుండి కాదు, వాళ్ళమ్మ చేతిలో పుస్తకం కనిపిస్తే దొంగచూపు పడుతుందని.

తెనాలి టీచరమ్మ:
భలే! మనకు కంఠస్థం గొంతులో, ‘నోటికి రావడం’ నోట్లో, మాస్టారి తాతగారికి ముక్కులో, ఇంగ్లీషువాళ్ళకు గుండెలో, చైనావాళ్ళకు వీపు మీద. బుర్రలో పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరా?

మాస్టారు:
అమ్మా, నవ్వించారు. ఒక సవరణ. వీపు కన్నా ‘వెన్ను’ అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. వెన్నూ వెనుకా ఒకే ఇంటి మాటలు. చైనీసులో వీపుకూ వెనుదిరగడానికీ ఉన్న చుట్టరికం మనకూ ఉందన్నమాట.

మీ వాంగ్ త్సాన్ లాంటివాణ్ని మనవాళ్ళు ఏకసంథాగ్రాహి అంటారు. సంథ అంటే గురువు ఒకసారి చెప్పి శిష్యుడి చేత అనిపించే పాఠం. ఒక్క సంథకే పట్టేసేవాడు అని. అవధానంలో చివర పద్యాలన్నీ తిరిగి చెప్పే ఘట్టాన్ని ధారణ అంటాం, బట్టీ అని ఎవరూ అనరు. అంటే గుర్తుపెట్టుకుని చెప్పడం మన దగ్గరా గౌరవంగానే ఉండేది. ‘బట్టీ’ ఒక్కటే ఆ గౌరవాన్ని దింపేసిన మాట.

పాత సైకిలు:
మరి చైనాలో బట్టీని ఎవరూ తిట్టరా సార్? అక్కడ అంతా గౌరవమేనా?

ఖమ్మం డాక్టరు:
తిడతారు, కానీ ‘బెయ్’ అని తిట్టరు. దానికి వేరే మాట ఉంది: ‘స్సు జీ యింగ్ బెయ్’. చావు గుర్తు, మొండి వల్లింపు అని చెప్పుకోవచ్చు. మన బట్టీకి సరిజోడు అది. ఒట్టి ‘బెయ్’ లో చెడ్డా లేదు, గొప్పా లేదు. అన్నం తినడం లాంటి పని. నేను చేసిన తప్పు అక్కడే. చప్పటి మాటకు కారం పూసి పెట్టాను.

పలక బలపం:
ఇంకో రకం తిట్టు కూడా ఉందని విన్నాను డాక్టర్ గారూ. మూగ ఇంగ్లీషు అనో ఏదో.

ఖమ్మం డాక్టరు:
‘యాబా యింగ్‌యూ’. అచ్చంగా మూగ ఇంగ్లీషే. కాగితం మీద అన్నీ వచ్చు, నోరు తెరిస్తే ఏమీ రాదు అని తమ చదువును తామే వెక్కిరించుకునే మాట. మాట మొరటుదే, ఈ కాలంలో నేనైతే వాడను. కానీ అక్కడ చాలా మామూలుగా అంటారు. నేనున్న చోట ఆ 150 మార్కుల్లో నోటితో చెప్పాల్సింది ఏమీ లేదు. బీజింగ్‌లో 2021 నుంచి కంప్యూటర్ ముందు వినడం, మాట్లాడడం కలిపి 50 మార్కులు పెట్టారు.

తెనాలి టీచరమ్మ:
ఇంగ్లీషు టీచర్ని కాబట్టి అడుగుతున్నా, ఏమనుకోకండి. మాటలు వల్లించినంత మాత్రాన ఆ పేపరు రాయగలరా?

ఖమ్మం డాక్టరు:
రాయలేరండీ. అదే ఆ పిల్ల ఏడుపు. ఎక్కువ రాష్ట్రాల్లో ఇచ్చే పేపరు ఇలా ఉంటుంది: వినడం 30, చదివి జవాబులు 50, ఖాళీలు రెండు రకాలు కలిపి 30, రాయడం 40. చదివే భాగంలో ఒక ముక్క ఉంది, దాని పేరే ‘ఏడులో ఐదు’. వ్యాసంలో ఐదు వాక్యాలు తీసేసి, కింద ఏడు ఇస్తారు. ఏది ఎక్కడిదో పెట్టాలి. రెండు మిగిలిపోవాలి. అన్ని మాటలకూ అర్థం తెలిసినా సరే, ‘ఇది’, ‘అయినా’, ‘అందుకే’ లాంటి చిన్న మాటలు ముందు వాక్యంలో దేన్ని పట్టుకున్నాయో చూడకపోతే మొత్తం తారుమారు. ఆ పిల్ల ఒకసారి నా దగ్గరికి తెచ్చింది. నాకు ఐదులో మూడే వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ తేలేదు.

రాయడంలో మాత్రం వల్లింపు బాగా నడుస్తుంది. ‘నువ్వు లీ హ్వావి అనుకో’ అని మొదలవుతుంది ప్రశ్న. లీ హ్వా ఎవరో కాదు, పరీక్ష పేపర్లలో మాత్రమే బతికే కుర్రాడు. తెల్లదొర స్నేహితుడికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 80 మాటల ఉత్తరం, 15 మార్కులు. చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ తప్పనిసరి. జవాబు ఒక్కటీ రాలేదనుకోండి. అభిప్రాయం చెప్పమంటే ‘ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్’. మన బొమ్మా బొరుసే.

రెండోది కథ పూర్తిచేయడం, 25 మార్కులు. సగం కథ ఇచ్చి, మిగతా రెండు పేరాలకూ మొదటి వాక్యం వాళ్ళే ఇచ్చి, 150 మాటల్లో ముగించమంటారు. ఇది వల్లించి రాసేది కాదు అనుకుంటాం కదా. కన్నీళ్ళు ఎలా ఉబికాయి, గుండె ఎలా కొట్టుకుంది అన్న వాక్యాలు పేజీలకు పేజీలు ‘బెయ్’ చేసి పెట్టుకుంటారు. ఏ కథ వచ్చినా ఎవరో ఒకరు ఏడవకపోరు.

పాత సైకిలు:
మా పదో తరగతి ఆవు వ్యాసం గుర్తొచ్చింది. ఏ వ్యాసం వచ్చినా ఆవును తెచ్చి ఆ చెట్టుకు కట్టేసేవాళ్ళం.

పలక బలపం:
ఉచ్చారణ ఎలా గుర్తుపెట్టుకుంటారు? మేం ఇంగ్లీషు పద్యాల మీద పెన్సిల్‌తో తెలుగులో రాసుకునేవాళ్ళం.

ఖమ్మం డాక్టరు:
వాళ్ళూ అంతే. కాకపోతే వాళ్ళ ప్రతి అక్షరానికీ అర్థం ఉంటుంది కాబట్టి ఇంకా సరదా. ‘థాంక్యూ’ని ‘సాన్ ఖ యోవ్’ అని రాస్తారు: మూడు గ్రాముల నూనె. ‘పెస్ట్’ అంటే చీడపురుగు కదా, దానికి ‘పాయ్ స్సు తా’: దాన్ని కొట్టి చంపు. నాకు బాగా నచ్చింది ‘ఆంబులెన్స్’. ‘ఆన్ బు నెంగ్ స్సు’ అంటారు: నేను చావకూడదు. డ్యూటీలో సైరన్ వినిపిస్తే ఇప్పటికీ అదే చెవిలో మోగుతుంది.

మాస్టారు:
బాగుంది. మాటకొద్దాం. ‘బెయ్’ చేసేటప్పుడు ఎవరైనా వినాలా, ఒంటరిగానూ చేయవచ్చా?

ఖమ్మం డాక్టరు:
రెండూ అంటారు మాస్టారూ. ఒంటరిగా కూర్చుని నేర్చుకోవడమూ ‘బెయ్’, వాళ్ళమ్మకు చెప్పడమూ ‘బెయ్’. ‘నాకు వినిపించేలా బెయ్ చెయ్’ అనడం ఇంట్లో రోజూ వినేవాణ్ని. ఇంకోటి, ‘బెయ్ చేశాను, కానీ నిలవలేదు’ అని కూడా అనవచ్చు. అంటే అది చేసే పని. వచ్చిందో లేదో వేరే సంగతి.

మాస్టారు:
అయితే మీకు ఒక మాట చాలదు, రెండు కావాలి. ఒంటరిగా చేసేదానికి ‘వల్లె వేయడం’. వల్లె వేసినా రాకపోవచ్చు, తప్పు లేదు. వస్తే ‘నోటికొచ్చింది’. చూడండి, తెలుగులో నేర్చేది మనమైనా వచ్చేది పాఠం. ‘నాకు’ నోటికొచ్చింది అంటాం, ‘నేను’ అనం. ఇక తల్లి ముందు నిలబడి చెప్పేదానికి ‘అప్పజెప్పడం’. ఎక్కాలు అప్పజెప్పాం, పద్యాలు అప్పజెప్పాం, అందులో వెటకారం ఏ కోశానా లేదు. పైగా వినేవాళ్ళు ఎదురుగా ఉండి తీరాలి.

తెనాలి టీచరమ్మ:
అప్పజెప్పడం అంటే అప్పగించడం కూడా కదా మాస్టారూ. తీసుకున్నది తిరిగి ఇచ్చేసినట్టు. మా పిల్లలు పరీక్ష హాల్లో కాగితానికి అప్పజెప్పేసి ఖాళీ చేతులతో బయటికొస్తారు.

ఖమ్మం డాక్టరు:
టీచరమ్మా, మీరు తెలిసే అన్నారో తెలియక అన్నారో! చైనీసులో నేర్చుకున్నదంతా మరిచిపోతే ‘హ్వాన్ గెయ్ లావ్‌షు ల’ అంటారు. మాస్టారికి తిరిగిచ్చేశాను అని. పరీక్ష అయిన పది రోజులకు ఆ పిల్లను ఏదో మాటకు అర్థం అడిగితే, బుగ్గలు ఉబ్బించి ఇదే అంది.

వాక్యం ఇలా మార్చాను, చూడండి: ‘రాత్రి పదకొండు దాకా ఒక్కతే వల్లె వేసిన యాభై మాటల్నీ, పొద్దున్నే పుస్తకం అమ్మ చేతికిచ్చి, వెనుదిరిగి నిలబడి అప్పజెప్పేది.’

పలక బలపం:
ఇప్పుడు మీ ఆవిడ ఏమంటారు?

ఖమ్మం డాక్టరు:
చదివి వినిపించా. ‘ఆ యాభై మాటలూ ఆవిడకు మాత్రం ఏం అర్థమయ్యాయి, పాపం’ అంది. ఈసారి పాపం తల్లికి వెళ్ళింది.

మాస్టారు:
బాగుంది డాక్టరు గారూ. ‘అప్పజెప్పేది’ అని రాశారు, మా వైపు ‘ఒప్పజెప్పేది’ అంటాం. మీ ఖమ్మంలో ఏది?

ఖమ్మం డాక్టరు:
మా ఇంట్లో అప్పజెప్పడమే మాస్టారూ. మా అమ్మ మాత్రం ‘అప్పచెప్పు’ అంటుంది, చ తోనే. రేపు ఫోన్ చేసినప్పుడు అడిగి రాస్తా.