హెడ్‌లైట్లు పసుపెక్కిపోయాయి, ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా?

ఖమ్మం వ్యాగనార్:
అందరికీ నమస్కారం. మాది 2011 మోడల్ వ్యాగన్ ఆర్. ఇన్నాళ్ళూ నాన్న నడిపారు, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజిన్‌కి వంక పెట్టడానికేం లేదు గానీ హెడ్‌లైట్ల మీది ప్లాస్టిక్ పసుపెక్కి, మసకబారిపోయింది. డ్రైవర్ వైపుది మరీ ఘోరం, లోపల బల్బు ఎక్కడుందో కూడా తెలియదు. రాత్రిపూట వైరా రోడ్డులో గేదె అడ్డంగా నిలబడినా దగ్గరికి వెళ్ళేదాకా కనపడడం లేదు. పైగా బండికి 15 ఏళ్ళు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి చూపించాలి. ఇక్కడ ఒక షెడ్డులో అడిగితే రెండు హెడ్‌లైట్లూ డబ్బాతో సహా మార్చేయమన్నారు. ధర వినగానే వెనక్కి వచ్చేశా. వీడియోల్లో టూత్‌పేస్ట్ అంటారు, నిమ్మకాయ అంటారు, ఇంకొకాయన పెట్రోల్ అంటాడు. ఎవరైనా చేతులారా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

బుల్లెట్ బాబు:
బ్రో, టూత్‌పేస్టే బెస్టు. తెల్ల పేస్టు తీసుకుని పాత బనీను గుడ్డతో గట్టిగా రుద్దు, అద్దంలా అయిపోతుంది. మా ఆల్టోకి చేశా. వెలుతురు ఇంకా చాలకపోతే 100/90 వాట్ల బల్బులు వేయించెయ్, రోడ్డంతా పగలే.

ఆటోనగర్ పెయింటర్:
తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ పని చేస్తాను. ఈ లైట్ల పని మాకు వానాకాలం మొదట్లోనే ఎక్కువ. తడి రోడ్డు మీద వెలుతురు చాలక భయపడితే గానీ జనం షెడ్డుకి రారు.

అంబాసిడర్, పద్మిని రోజుల్లో హెడ్‌లైటుకి గాజు ఉండేది. పగిలేది గానీ పసుపెక్కేది కాదు. ఇప్పుడున్నది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలినా తట్టుకుంటుంది, తేలిక, ఏ వంపు కావాలంటే ఆ వంపులో పోత పోసుకోవచ్చు. కానీ ఎండలో ఉండే యూవీ కిరణాలకి ఆగదు, గుడ్డలో ఇసుక రేణువున్నా గీతలు పడతాయి. అందుకని కంపెనీలోనే దాని మీద గట్టి పూత ఒకటి వేసి పంపిస్తారు. మన ఎండలకి కొన్నేళ్ళకి ముందు ఆ పూత పోతుంది, తర్వాత కింద ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. డ్రైవర్ వైపు ఎక్కువ పాడైందన్నావు కదా, బండి రోజూ ఒకే దిక్కుకి పెడుతున్నారేమో, ఆ లైటు మీద పడమటెండ కొడుతుందేమో చూడు. మా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి కారణం అదే.

టూత్‌పేస్ట్ అబద్ధం కాదు. అందులో సన్నటి పొడి ఉంటుంది, పైపైన మసక తీస్తుంది. కానీ పోయిన పూతని తెచ్చిపెట్టదు. నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. అసలు ఈ పనిలో రుద్దడం తేలిక భాగం. రుద్దాక పైన ఏం వేస్తావన్నదాని మీదే అంతా ఉంది. పైన ఏమీ వేయకపోతే ఉన్న కాస్త పూతనీ గీకేసి ఒట్టి ప్లాస్టిక్‌ని ఎండలో నిలబెట్టినట్టు. ముందుకంటే త్వరగా పాడవుతుంది.

మొదలుపెట్టే ముందు లైటు కడిగి, దాని మీద నీళ్ళు పోసి చూడు. తడిగా ఉన్నంతసేపూ తేటగా కనిపించి, ఆరగానే మసక వస్తే పాడైంది బయటి పొరే, నీ చేతిలో పని. తడిపినా తేడా రాకపోతే మురికి లోపల ఉండొచ్చు, లేదా పగుళ్ళు లోతుగా దిగి ఉండొచ్చు. సాలెగూడులా సన్నటి పగుళ్ళు కనిపిస్తే మాత్రం రుద్ది ప్రయోజనం లేదు, ఆ లైటు మార్చుకోవడమే.

సామాను పెద్దగా ఏం లేదు. పెయింట్ల షాపులో వాటర్ పేపర్ అడుగు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం: 800, 1000, 1500, 2000, దొరికితే 3000 కూడా. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మాస్కింగ్ టేపు, మెరుగు పెట్టే పేస్టు (రబ్బింగ్ కాంపౌండ్), నీళ్ళు కొట్టే స్ప్రే సీసా, అందులో రెండు చుక్కల షాంపూ. బండి నీడలో పెట్టు, లైటు చల్లగా ఉండాలి. చుట్టూ బంపర్, బానెట్ అంచు, ఫెండర్ మీద టేపు రెండు వరసలు వెయ్యి. ఒక్క వరసే వేస్తే 800 పేపర్ అంచు తగిలి చిరుగుతుంది, తర్వాత పెయింట్ పనికి మా దగ్గరికే రావాలి.

పేపర్‌ని వేళ్ళతో పట్టుకుని రుద్దొద్దు. వేళ్ళు నొక్కిన చోట గాట్లు పడతాయి. మేము పాత హవాయి చెప్పుని అరచేయంత ముక్క కోసి, దానికి పేపర్ చుట్టి రుద్దుతాం. వంపుకి తగ్గట్టు వంగుతుంది, ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది. 800తో మొదలుపెట్టి నీళ్ళు కొడుతూ అడ్డంగా ఒకే దిక్కున రుద్దు. మొదట పసుప్పచ్చటి నీళ్ళు కారతాయి. పాత పూత పొరలు పొరలుగా లేస్తూ మధ్యలో దీవుల్లా మచ్చలు మిగులుతాయి. భయపడకు, అప్పుడు లైటు ముందుకంటే అసహ్యంగా కనిపిస్తుంది. ఆ మచ్చలన్నీ పోయి, కారే నీళ్ళు తెల్లగా మారేదాకా ఆ పేపర్ వదలొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మిగిలిన మచ్చ తర్వాత 2000 పేపర్‌తో చచ్చినా పోదు. తర్వాత 1000 తీసుకుని ఈసారి నిలువుగా రుద్దు. అడ్డగీతలు ఒక్కటి కూడా కనపడకుండా పోతే ఆ నంబరు అయిపోయినట్టు. అలాగే దిక్కు మారుస్తూ పైకి వెళ్ళాలి. నంబరు మారినప్పుడల్లా లైటూ, చెప్పు ముక్కా, చేతులూ కడుక్కో. 800 తాలూకు ఒక్క రేణువు మిగిలినా 2000 దగ్గర పెద్ద గీత పెడుతుంది.

ఇక పైపూత. ఇక్కడ రెండు దారులు. క్లియర్ కోట్, అంటే రంగు లేని వార్నిష్ లాంటి పూత, స్ప్రే చేయించేటట్టయితే 1500 దగ్గరే ఆపెయ్. మెరుగు పెట్టొద్దు, నున్నగా ఉంటే క్లియర్ పట్టదు. సన్నటి గీతల్ని క్లియర్ తనే పూడ్చుకుంటుంది. హార్డెనర్ కలిపే టూకే క్లియర్ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అందులో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి, మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. అది ఇంట్లో చేయకు. రుద్దడం నువ్వు చేసుకుని, స్ప్రే మాత్రం షెడ్డులో కొట్టించుకో. రుద్దిన కూలీ మిగులుతుంది. అదీ వద్దనుకుంటే 3000 దాకా వెళ్ళి, కాంపౌండ్‌తో మెరుగు పెట్టి, హెడ్‌లైట్ కిట్లలో వచ్చే యూవీ సీలెంట్ తుడువు. లేదంటే కార్ల పెయింట్ మీద గీతలు పడకుండా వేసే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ ముక్క అంటించుకో. పైపూత వేసే ముందు లైటు పూర్తిగా ఆరాలి, చేత్తో ముట్టుకోకూడదు.

పెట్రోల్, థిన్నర్, నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్, వీటి జోలికే పోవద్దు. తుడవగానే తేటగా అయినట్టే ఉంటుంది, ప్లాస్టిక్‌లో పగుళ్ళు పుడతాయి. ఈమధ్య రోడ్డు పక్కన కప్పులో ద్రవం వేడి చేసి ఆ ఆవిరి లైటుకి పట్టించేవాళ్ళు తయారయ్యారు. చూడ్డానికి ఇంద్రజాలంలా ఉంటుంది. ఆ ఆవిరి ప్లాస్టిక్ పైపొరని కరిగించి నున్నగా చేస్తుంది, అంతే. పసుపు లోపలే ఉంటుంది, పీల్చినవాడికి విషం.

బాబు గారూ, 100/90 సలహా మాత్రం ఇవ్వకండి. ఈ బళ్ళలో ఉండేది 60/55 వాట్ల హెచ్4 రకం బల్బు. ఆ వైరింగ్ మీద 100/90 వేస్తే హోల్డర్ కాలి నల్లబడుతుంది, వేడికి రిఫ్లెక్టర్ కూడా పోతుంది. అలాంటి హోల్డర్లు మా షెడ్డులో ఒక డబ్బా నిండా ఉన్నాయి.

డాలస్ తెలుగోడు:
పెయింటర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ టెక్సస్ ఎండ కూడా తక్కువేం కాదు, బండి ఏడాదంతా ఆరుబయటే ఉంటుంది. నేను 3ఎం కంపెనీ హెడ్‌లైట్ కిట్ తెచ్చుకుని డ్రిల్లుకి ప్యాడ్ తగిలించి చేశాను. చేయి నొప్పి తప్పుతుంది. మొదటిసారి సీలెంట్ వేయలేదు, అందంగా ఉంది కదా అని వదిలేశా, వేసవి దాటకుండా మళ్ళీ పసుపే. రెండోసారి వేశా, ఇప్పటికీ బాగుంది.

ఆటోనగర్ పెయింటర్:
డ్రిల్లు మంచిదే, కానీ నెమ్మదిగా తిప్పుతూ, తడి ఆరకుండా, ఒకే చోట ఆపకుండా చేయాలి. వేడెక్కితే పాలీకార్బొనేట్ మెత్తబడి ప్యాడ్‌కి అంటుకుని మసి పట్టినట్టు అవుతుంది. అలవాటు లేనివాళ్ళకి మొదటిసారి చేత్తోనే నయం.

ఖమ్మం వ్యాగనార్:
అన్నా, చాలా థాంక్స్. నీళ్ళు పోసి చూశా. డ్రైవర్ వైపుది తడిపితే బాగా తేటపడింది, పసుపు మాత్రం కొంచెం ఉంది. బండి నిజంగానే పడమర ముఖంగా, ఆ మూల గోడ నీడ లేని చోట పెడుతున్నాం. ఎడమ వైపుదానిలో మాత్రం పొద్దున్నే లోపల ఆవిరి పట్టి, అడుగున నీటి చుక్కలు కనిపిస్తున్నాయి. దాన్ని కూడా రుద్దేయొచ్చా? విప్పి లోపల తుడవాలా?

ఆటోనగర్ పెయింటర్:
మిగిలిన పసుపు రుద్దుడులో పోతుంది, దాని గురించి టెన్షన్ పడకు. ఎడమదానికి బయట రుద్దుకోవచ్చు గానీ ముందు లోపలి నీళ్ళ సంగతి చూడు. పొద్దున్నే పలచటి ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే పట్టించుకోనక్కర్లేదు, హెడ్‌లైటు వెనక గాలి ఆడే గొట్టాలు అందుకే ఉంటాయి. చుక్కలు నిలబడ్డాయంటే మాత్రం నీళ్ళు ఎక్కడినుంచో దిగుతున్నాయి. బల్బు వెనక ఉండే రబ్బరు మూత ముందు చూడు. బల్బు మార్చినవాడు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకపోవడమే ఎక్కువగా జరుగుతుంది, పాతదైతే చిరిగిపోయి కూడా ఉంటుంది. మూత బాగానే ఉంటే ప్లాస్టిక్‌కీ వెనక డబ్బాకీ మధ్య అతుకు ఊడిందేమో చూడు.

లోపల గుడ్డ పెట్టి తుడవొద్దు. రిఫ్లెక్టర్ మీద వెండి పూత అతి పలచన, గుడ్డ తగిలితే ఊడి వస్తుంది, ఇక ఎంత రుద్దినా వెలుతురు రాదు. బల్బూ మూతా తీసి, లైటు విప్పి ఎండలో ఒక పూట బోర్లా పెట్టు, ఆరిపోతుంది. మూత కొత్తది వేసి బిగించు. బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోకు, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది.

అన్నీ అయ్యాక చీకటి పడ్డాక బండిని చదునైన చోట గోడకి ఎదురుగా నిలబెట్టి లో బీమ్ వేసి చూడు. లైటు విప్పి బిగిస్తే ఒకవైపు ఎత్తు మారే అవకాశం ఉంది. ఇన్నాళ్ళూ మసకలో ఎవరికీ తెలియలేదు గానీ ఇప్పుడు ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. ఎత్తు ఎక్కువైతే లైటు వెనక ఉండే అడ్జస్టింగ్ స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పి రెండూ సమం చేసుకో.