అప్‌డేట్: లోపం లేజర్‌లో లేదు, ఫైబర్ వంపులో ఉంది

సుమారు 20 కిలోమీటర్ల సింగిల్ మోడ్ (కాంతి ఒకే మార్గంలో సాగే) ఆప్టికల్ ఫైబర్ లింకులో 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్ చక్కగా పనిచేస్తుండగా, 1550 నానోమీటర్ల లేజర్ మాడ్యూల్ పెట్టగానే అవతలి చివర అందే కాంతి బాగా తగ్గిపోతోందని, మాడ్యూలే పాడైందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మాడ్యూల్ మార్చినా ఫలితం లేకపోయింది. కనెక్టర్లను మూడుసార్లు తుడవడం కూడా వృథా శ్రమే అయింది.

నిజానికి కిలోమీటరుకు కాంతి నష్టం 1310 దగ్గర దాదాపు 0.35 డెసిబెల్స్, 1550 దగ్గర దాదాపు 0.2 మాత్రమే కాబట్టి, రెండోదే మెరుగ్గా ఉండాలి. ఈ క్రమం తలకిందులైందంటే ముందుగా వంపునే అనుమానించాలన్న మీ సలహా సరైనదని తేలింది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ కాంతి కోర్ (ఫైబర్ మధ్యభాగం) వెలుపలికి ఎక్కువగా విస్తరిస్తుంది గనుక, 1310 దగ్గర దాదాపు కనిపించని వంపు కూడా 1550 దగ్గర గట్టిగా లీకవుతుంది.

లైన్‌పై ట్రాఫిక్ నిలిపి, ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి కాంతి స్పందనలు పంపి, తిరిగొచ్చే కాంతిని బట్టి నష్టం ఎక్కడుందో చూపే పరికరం) రెండు తరంగదైర్ఘ్యాల వద్దా కొలిచినప్పుడు, ఒకే చోట 1550 గీతలో మాత్రమే మెట్టులాంటి పతనం కనిపించింది. అక్కడి స్ప్లైస్ ట్రేలో (ఫైబర్ అతుకులను భద్రపరిచే పళ్లెంలో) ఫైబర్‌ను మరీ బిగుతుగా చుట్టారు. జి.652 ప్రమాణానికి చెందిన సాధారణ సింగిల్ మోడ్ ఫైబర్‌కు తగిన 30 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో తిరిగి చుట్టాక, 1550 లేజర్ ఏ లోపమూ లేకుండా నడుస్తోంది.