మేము చెత్త వేరు చేసి ఇస్తే బండిలో కలిపేస్తున్నారు, ఏం చేయాలి?

బైరాగిపట్టెడ కార్యదర్శి:
మాది తిరుపతి బైరాగిపట్టెడలో ఇరవై నాలుగు ఇళ్ల అపార్టుమెంటు. ఇంకెవరూ ఒప్పుకోలేదు కనుక సంఘం కార్యదర్శిని నేనే. 2021లో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇచ్చారు, గుర్తుందా? ఆకుపచ్చ తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎరుపు డైపర్లు, పాత మందుల వంటి వాటికి. మా ఇంట్లో ఇప్పుడు నీలం బుట్టలో బియ్యం, ఎర్ర బుట్టలో మా వాడి క్రికెట్ బంతులు ఉన్నాయి.

ఉగాది నుంచి గడప గడపకూ తిరిగి పదిహేడు ఇళ్ల వాళ్లను దారికి తెచ్చాను. నిన్న ఆరూ నలభైకి బండి వచ్చింది. నా కళ్లెదుటే అన్నం మెతుకుల మీద పొడి చెత్త సంచిని బోర్లించారు. కడిగి ఆరబెట్టిన పాల కవర్ల మీద సాంబారు కారుతోంది. మూడో అంతస్తు పెద్దావిడ పైనుంచి చూసి, "దీనికా నాయనా నా చేత కవర్లు కడిగించావు?" అన్నారు. తల దించుకుని లోపలికి వచ్చేశాను.

ఊరు మొత్తానికి ఈ పని ఎలా నడవాలి? తెలిసినవారు చెప్పండి.

రిటైరైన శానిటరీ ఇన్‌స్పెక్టరు:
కార్మికుణ్ణి తిట్టకండి. పొడి చెత్తకు బరువుండదు, చోటు మాత్రం చాలా కావాలి. నాలుగు అట్టపెట్టెలు, పది సీసాలు పడితే బండిలో దానికిచ్చిన అర నిండిపోతుంది. వీధి ఇంకా సగం మిగిలి ఉంటుంది. అప్పుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండుసార్లు వేరే బండిలో తీసుకెళ్లాలి. పొడి చెత్త ఇంట్లో మూడు రోజులున్నా కుళ్లదు. మీ వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా కాదు.

ఇంకొకటి. చెత్త రోజుకు సగటున 100 కిలోలు దాటితే ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం మీది పెద్ద ఉత్పత్తిదారుల లెక్కలోకి వస్తుంది, బాధ్యత పెరుగుతుంది. ఒకసారి తూచి చూసుకోండి.

చెత్తబండి డ్రైవరు కొడుకు:
మా నాన్న మాట చెబుతాను. తడి చెత్తను ప్లాస్టిక్ కవర్లో వేసి మూడు ముళ్లు బిగించి ఇస్తారు. దాన్ని చించితే గానీ చెత్త వేరు కాదు. చించుతుంటే చేతికి గాజుపెంకు తగులుతుంది. పోయిన నెల నాన్న బొటనవేలికి కుట్లు పడ్డాయి. ముళ్లు వేయకండి, బుట్టనే తెచ్చి వంచండి. పగిలిన గాజును కాగితంలో చుట్టి, విడిగా చేతికివ్వండి.

మేడమీద వంకాయ:
మా ఇంట్లో పూజ పూలు, కూరగాయల తొక్కులు మేడమీద డ్రమ్ములోకే పోతాయి. ఎండుటాకులు ఒక పొర, తొక్కులు ఒక పొర, పైన కాస్త పుల్లటి మజ్జిగ. వాసన వస్తే తడి ఎక్కువైనట్టే, ఆకులు ఇంకాస్త వేయాలి. కొబ్బరి చిప్పలు మాత్రం వేయకండి, ఏడాదైనా చివకవు.

కొర్లగుంట నుంచి పుణెకు:
ఇక్కడ స్వచ్ఛ్ అనే సహకార సంఘం ఉంది. ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకున్నవాళ్లే ఇంటింటికీ వస్తారు. నెలనెలా ఇంటివాళ్లిచ్చే రుసుముతో పాటు పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బూ వాళ్లదే. కలిపితే నష్టం వాళ్లకే, అందుకే కలపరు. మన దగ్గర వేరు చేయడం వల్ల బండి మనిషికి దక్కేది ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

బైరాగిపట్టెడ కార్యదర్శి:
తూచాను. మొత్తం ముప్పై ఎనిమిది కిలోలు, అందులో ఇరవై ఆరు తడి చెత్తే. పొడి చెత్తను బుధ, శనివారాల్లో మాత్రమే కిందికి దించుతామని నిన్న రాత్రి మెట్ల దగ్గరే మాట్లాడుకున్నాం. అప్పటివరకు ఎవరి ఇంట్లో వాళ్లే ఉంచుకోవాలి. సచివాలయానికి అర్జీ రాసి ఇచ్చాను, నకలు మీద సంతకం తీసుకున్నాను. ముళ్ల సంగతి లిఫ్టులో అంటించాను. పెద్దావిడ ఇంకా కవర్లు కడుగుతూనే ఉన్నారు, నాతో మాత్రం మాట్లాడటం లేదు.

నీలం బుట్ట ఖాళీ చేయమంటే, బియ్యం ఎక్కడ పోయాలని మా ఆవిడ అడుగుతోంది.