మెర్జ్‌బౌ తొలి క్యాసెట్లు: ఆశువుగా వాయించినవా, అతికి కూర్చినవా?

ప్రశ్న (వీణాతంత్రి):
జపాన్ నాయిజ్ (రణగొణ ధ్వనులనే సంగీతంగా మలిచే శైలి) కళాకారుడు మసామి అకితా 1979 నుంచి ‘మెర్జ్‌బౌ’ పేరుతో చేస్తున్న రికార్డింగులలో తొలినాటివాటిని ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. 1996 నాటి ‘పల్స్ డీమన్’ విన్న చెవులకు తొలినాటి ‘మెటల్ అకూస్టిక్ మ్యూజిక్’ మరెవరో చేసినట్టుగా వినిపించింది. వీటిని ఆశు సంగీతం అంటున్నారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న నాకు మనోధర్మం అంటే రాగమూ తాళమూ గీసిన గిరిలో తిరిగే స్వేచ్ఛ. ఆ గిరే లేనప్పుడు ఆశువు అనే మాటకు అర్థమేమిటో ఎవరైనా వివరించగలరా?

జవాబు (పాతరీలు):
గిరి లేదనుకోవడం సరికాదండీ. ఇక్కడ గిరి గీసేది చేతిలోని వస్తువు. అకితా మొదట డ్రమ్ములు వాయించేవారు. హైస్కూలు స్నేహితుడు కియోషి మిజుతానితో కలిసి స్టూడియోలో గంటల తరబడి రాక్ సంగీతాన్ని ఆశువుగా వాయించిన తరువాతే ఈ దారికి వచ్చారు. ఇలాంటి వాయింపులో వాడే కాంటాక్ట్ మైకు గాలిలోని ధ్వనిని కాక, తాను అంటుకున్న వస్తువులోని కంపనాన్నే పట్టుకుంటుంది కనుక, రేకు మీద గోటితో గీసిన గీత కూడా స్పీకరులో పెద్ద రంపపు కోతగా మారుతుంది. మిక్సర్ (ధ్వనులను కలిపే పరికరం) నుంచి బయటికి వచ్చే ధ్వనిని తిరిగి దానిలోకే పంపితే పుట్టే ఫీడ్‌బ్యాక్, మీట కాస్త కదిపినా స్థాయి మార్చుకుంటుంది. కళాకారుడు ఒకటి చేస్తాడు, యంత్రం మరొకటి బదులిస్తుంది, దానికి అతడు అప్పటికప్పుడు స్పందించాలి.

జవాబు (కత్తెర_జిగురు):
పాతరీలు గారు చెప్పింది సగమే. అకితా టమాగావా విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివినవారని మరువకూడదు. మెర్జ్‌బౌ అనే పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ హానోవర్‌లోని తన ఇంట్లో పనికిరాని వస్తువులతో ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోయిన కట్టడానిది. అది 1943లో బాంబు దాడిలో నాశనమైంది. ‘మెర్జ్’ అన్నది కూడా ఒక బ్యాంకు ప్రకటనలోని ‘కొమ్మెర్జ్’ అనే మాట నుంచి తెగిన ముక్కే. అకితా తన క్యాసెట్లను ‘లోయెస్ట్ మ్యూజిక్ అండ్ ఆర్ట్స్’ పేరుతో, జిరాక్స్ కొలాజులు (ముక్కలు అతికి కూర్చిన బొమ్మలు) జతచేసి, తపాలా ద్వారా పంపేవారు. కాబట్టి వాయించడం ఆశువే కావచ్చు గానీ, టేపు మీద పేర్చడం మాత్రం కత్తెర పని. ‘రెంబ్లాంట్ అసెంబ్లేజ్’ అనే తొలినాటి క్యాసెట్ పేరులోనే ‘అసెంబ్లేజ్’, అంటే ముక్కల కూర్పు, అనే మాట ఉంది కదా!

జవాబు (వీణాతంత్రి):
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న పాత బజర్‌లోని పీజో బిళ్లను (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) స్టీలు పళ్ళేనికి టేపుతో అంటించి, చిన్న యాంప్లిఫయరుకు కలిపి చూశాను. చెంచాతో కొట్టినప్పటి కంటే, చెంచాను అంచు వెంట మెల్లగా లాగినప్పుడు ఎక్కువ స్వరాలు పలికాయి. అయితే బిళ్లను రెండంగుళాలు జరిపేసరికి అంతకుముందు పలికిన స్వరం మళ్లీ దొరకలేదు. ఎంత వెతికినా రాలేదు. ఇక ఏ రికార్డింగుతో మొదలుపెట్టమంటారు?

జవాబు (పాతరీలు):
2000లో ఆస్ట్రేలియాకు చెందిన ఎక్స్‌ట్రీమ్ సంస్థ యాభై సీడీలతో ‘మెర్జ్‌బాక్స్’ విడుదల చేసింది. అందులో మొదటి సీడీ 1979 నాటి ‘ఓం ఎలెక్ట్రిక్’. అక్కడి నుంచి వరుసగా వినండి, కానీ హెడ్‌ఫోన్లలో ధ్వని తగ్గించుకున్నాకే.