పిల్లలు రెండో వారానికే ఆల్బమ్ మూసేస్తున్నారు, ఏం చేయాలి?

తపాలాపెట్టె:
12–14 ఏళ్ల పిల్లలు పదిమందికి స్టాంపులు, నాణేల క్లబ్బు నడపాలి. వారానికో గంట, మొత్తం ఎనిమిది వారాలు. ఆల్బమ్ ఇచ్చి దేశాలవారీగా పెట్టమంటే మొదటి వారం హుషారు, రెండో వారం ఆవలింతలు. చరిత్ర ఎత్తితే పాఠం అనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిల్లులస్కేలు:
ఆల్బమ్ ఆఖర్న ఇవ్వండి. ఖాళీ గడులు నింపడం పెద్దవాళ్ల సరదా. పిల్లలకు ముందు అంతుపట్టని విషయం ఒకటి కావాలి. తలా 30 కలగలుపు స్టాంపులు పోసి, దేశం పేరు లేనిది వెతకమనండి. దొరికితే అది బ్రిటన్‌దే అయ్యుంటుంది. 1840లో అంటించే తపాలా బిళ్ల మొదట తెచ్చింది వాళ్లే, అప్పుడు పేరుతో పని లేదు. ఇప్పటికీ రాజో రాణో తల బొమ్మే గుర్తు.

తర్వాత 1923 నాటి జర్మనీ స్టాంపులు చూపించండి. పాత విలువ మీద కొత్త అంకె అచ్చొత్తినవి కొన్ని. ఏకంగా 5,000 కోట్ల మార్కుల (మార్కు అప్పటి జర్మనీ డబ్బు) బిళ్ల కూడా ఉంది. "ఉత్తరానికి ఇంత డబ్బా?" అని వాళ్లే అడుగుతారు. ద్రవ్యోల్బణం మాట అప్పుడు ఎత్తండి, అంతకుముందు వద్దు. వాడనివే కొనండి, వాడినవాటి మీద దొంగ తపాలా ముద్రలు ఎక్కువ.

నీళ్లగిన్నె:
పై జవాబుకు నాదో చేర్పు: చేతికి పని ఉండాలి. రెండో వారం స్టాంపులు ఊడదీయించండి. చుట్టూ సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో 15–20 నిమిషాలు వేయాలి. బిళ్ల తనంతట తాను జారాలి. తొందరపడి లాగితే వెనక పొర లేచి పల్చబడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. రంగు కవర్ల ముక్కలకు వేరే గిన్నె పెట్టండి, లేకపోతే ఆ రంగు అన్నిటికీ అంటుతుంది. మంచినీళ్లలో మరోసారి ముంచి, బొమ్మ కిందకు పెట్టి తెల్లకాగితం మీద ఆరనివ్వండి. తర్వాత బ్లాటింగ్ కాగితాల మధ్య ఒక రాత్రి బరువు కింద ఉంచితే చుట్టుకుపోవు. స్టిక్కర్ రకం చాలావరకు నీళ్లకు ఊడవు, కాగితంతోనే కత్తిరించి దాచండి. వాడని, జిగురున్న బిళ్లను మాత్రం ఎప్పుడూ తడపొద్దు.

తపాలాపెట్టె:
బాగుంది. నాణేలతో ఇలాంటి పని ఏదైనా ఉందా? తోమి మెరిపిస్తే పిల్లలు సరదాపడతారేమో?

అంచుపట్టు:
తోమించకండి! పాలిష్ పెడితే పై పొర అరిగి సన్నటి గీతలు పడతాయి, సేకర్తలు ముట్టుకోరు. దాని బదులు పల్చటి కాగితం కింద మామూలు చిల్లర పెట్టి, 4బి పెన్సిల్ పక్కవాటుగా రుద్దించండి. కంటికి ఆనని అక్షరాలు కాగితం మీద తేలతాయి. అరుదైన నాణేలతో ఈ పని చేయించొద్దు.

సరంజామా కొంచెమే: 10 రెట్ల భూతద్దం, మొన చదునుగా ఉండే పటకారు, స్కేలు. స్టాంపు అంచు చిల్లుల కొలత అంటే 2 సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టడమే. ఒకే బొమ్మ, రెండు లెక్కలు వచ్చాయంటే రెండూ వేర్వేరు ముద్రణలు కావచ్చు, ఇక పిల్లలను ఆపలేరు. మెత్తగా ఉండి ఘాటు వాసన కొట్టే ప్లాస్టిక్ కవర్లు కొనొద్దు. అవి పీవీసీ, కొన్నేళ్లకు ఆమ్లం వదిలి నాణెం మీద పచ్చటి జిగట పట్టిస్తాయి. పాలిస్టర్ కవర్లు అడగండి.